హళెబందరులో ఇంకో వారం

హళెబందరు,
జనవరి 9

ప్రియమైన అత్తమ్మకు,

హెప్సిబా వందనాలు. క్షేమంగా చేరాను. నువ్వు చెప్పినట్టే పెద్ద అక్షరాలతో, గీతకూ గీతకూ మధ్య ఎడం వదిలి రాస్తున్నాను. మధ్యాహ్నం వాకిట్లో ఎండ ఉన్నప్పుడు కుడికంటితో మెల్లగా చదువుకో. ఫోన్‌లో చెబుదామంటే నీకు గుయ్యిమనే చప్పుడే తప్ప మాట వినబడదు. పక్కింటి వసంతతో చెప్పిద్దామంటే, మనిద్దరి మాటలు ఆమె గొంతులో వినడం నీకు నచ్చదు.

గద్వాల దాకా ఒక బస్సు, అక్కడినుంచి రాయచూరు, తర్వాత కూర్చున్నచోటే కునుకుతూ కొండలు దిగడం. సముద్రం కనబడకముందే దాని వాసన వచ్చింది. ఎండుచేపలు, తారు, తడిసిన తాళ్లు, అన్నీ కలిసిన వాసన. నీ కొడుకు సెలవుకు వచ్చినప్పుడు ఆయన సంచి విప్పితే వచ్చేదే. బస్సులో అందరూ దిగిపోయాక చివరగా నేను దిగాను.

ముందు ఆయన సమాధి సంగతి చెబుతాను, నువ్వు దానికోసమే చూస్తుంటావు. చర్చి వెనక చిన్న గుట్ట మీద, నీళ్లకు ఎదురుగా ఉంది. పోయిన ఏప్రిల్‌లో బాలరాజు మామ ఒక్కడే వచ్చి మట్టి చేసి వెళ్లాక, అది ముళ్లకంపల్లో పడి ఉందేమోనని నువ్వు ఎన్నిసార్లు ఏడ్చావో. లేదు అత్తమ్మా. చుట్టూ ఊడ్చి ఉంది. సిమెంటు శిలువకు ఎవరో ఆకుపచ్చ రంగు వేశారు. ఇక్కడి పెయింటరుకు తెలుగు రాయడం రాదు కాబట్టి రుక్కమ్మ నేలమీద ముగ్గుపిండితో పేరు రాసి చూపిస్తే, అతను చూసి దించాడట. జయపాల్‌కు బదులు 'జయాపాల్' అని పడింది. ఒక దీర్ఘం ఎక్కువైంది. దిద్దమని అడగబుద్ధి కాలేదు.

రుక్కమ్మ అంటే నేను దిగిన ఇల్లు ఆమెదే. కోడేరు మనిషి. ఈ రేవు గోడ కట్టడానికి మన పాలమూరు నుంచి కూలీల గుంపు వచ్చినప్పుడు నీ కొడుకుతో పాటే వచ్చింది. గోడ అయిపోయాక అందరూ వెళ్లిపోయారు. ఆయన సరుకు పడవలో వంటకు చేరాడు, ఈమె పడవల్లో పనిచేసే ఖలాసీలకు మెస్ పెట్టుకొని ఉండిపోయింది. మాట కరుకు, చెయ్యి పెద్దది.

ఊరు మాత్రం విచిత్రం. ఇళ్ల తలుపులన్నీ నీళ్ల వైపు ఉంటాయి, వీధికి వీపులు. నేను రాగానే వీధి వైపు తలుపు కానక ముగ్గురి వంటిళ్ల కిటికీలు తట్టాను. పడవలకు వేయగా మిగిలిన రంగు పారబోయరట, అందుకే ఒకే గోడ సగం నీలం, సగం పసుపు. గుజరాత్ వాళ్లు, తమిళులు, మలయాళీలు, దీవుల వాళ్లు, అందరూ ఒకరి భాష ఒకరు సగం సగం మాట్లాడుతారు. మా పుట్టింటి గద్వాల వైపు వచ్చిన నాలుగు కన్నడం ముక్కలు నాకు పనికొస్తున్నాయి. ఊళ్లో ఎవరూ ఈల వేయకూడదు, వేస్తే గాలి లేస్తుందని ఖలాసీల నమ్మకం. అందుకని మెస్‌లో కుక్కరు కూడా వాడరు. పప్పు కుండలోనే ఉడకాలి.

నిన్న సాయంత్రం ఒక ముసలి ఖలాసీ నీ కొడుకు గురించి చెప్పాడు. మొదటిసారి సముద్రంలోకి వెళ్లినప్పుడు భయపడి తనను తాను బియ్యం బస్తాకు కట్టేసుకున్నాడట. పడవ ఒరిగినప్పుడల్లా బస్తాతో పాటు జారుతూ, జారుతూనే కూర కలిపాడట. నేను నవ్వాను అత్తమ్మా. గట్టిగానే నవ్వాను. తర్వాత నువ్వు గుర్తొచ్చావు. అన్నం పళ్లెం ముందు ఎవరూ మాట్లాడని మన ఇల్లు గుర్తొచ్చింది. చెయ్యి కడుక్కొని లేచిపోయాను.

పడవ యజమాని ఆఫీసులో నీ కొడుకు డబ్బుల కాగితం మీద నేను సంతకం పెట్టాలి. అది కాగానే బయల్దేరుతాను. మేకలను వసంత చూస్తోందా? నీ కంటికి మందు మానకు.

నీ కోడలు,
హెప్సిబా

*

పెద్దమందడి,
జనవరి 17

బిడ్డా హెప్సిబా,

దేవుడు నీకు తోడుగా ఉండును గాక. ఉత్తరం రెండు మధ్యాహ్నాలు కూర్చొని చదివాను. మొదటి మధ్యాహ్నం ఆకుపచ్చ శిలువ దాకా వచ్చి ఆపేశాను. ముళ్లకంపలు లేవన్న ఆ ఒక్క మాట చాలు అనిపించింది.

వాడు బస్తాకు కట్టేసుకున్నాడని చదివి నాకూ నవ్వు వచ్చింది. చిన్నప్పుడు జాతరలో తప్పిపోతానని నా కొంగుకు తన లాగు బొందు కట్టుకునేవాడు. నీకు ఎప్పుడూ చెప్పలేదు కదా. వాడు పోయినంక వాడి మాట ఎత్తితే నువ్వు ఏడుస్తావని నేను, నేను ఏడుస్తానని నువ్వు, ఇద్దరం నోరు కట్టుకున్నాం.

ఇక్కడ వేరుశనగ పీకుడు నడుస్తోంది. మేకలు బాగున్నాయి, చిన్నది గొళ్లెం తీయడం నేర్చింది. కుడికంట్లో కూడా పొర ముదిరిందని ఊరికి వచ్చిన డాక్టరమ్మ చెప్పింది. వనపర్తిలో ఆపరేషన్ చేస్తారు, నెలాఖరుకు రమ్మన్నారు. నువ్వు అప్పటికి వస్తావు కదా, పరేషాన్ ఏమీ లేదు.

అన్నం సరిగ్గా తిను. రుక్కమ్మకు నా వందనాలు చెప్పు.

నీ అత్త,
ఏసమ్మ

*

హళెబందరు,
జనవరి 25

ప్రియమైన అత్తమ్మకు,

నీ ఉత్తరం రుక్కమ్మకు కూడా చదివి వినిపించాను. లాగు బొందు సంగతి విని ఆమె గరిటె పక్కన పెట్టి కళ్లు తుడుచుకుంది.

కాగితం పని ఇంకా కాలేదు. గుమాస్తా రేపు రమ్మంటాడు, వెళితే మళ్లీ రేపు అంటాడు. ఇంకో వారం పట్టేలా ఉంది. నన్ను క్షమించు.

ఊరికే కూర్చోలేక మెస్‌లో సాయం చేస్తున్నాను. రుక్కమ్మ మణికట్టు బెణికింది, ఆమె రొట్టె కొట్టలేకపోతోంది. మొదటిరోజు మనకని నాలుగు జొన్నరొట్టెలు చేస్తే ఒక తండేలు, అంటే పడవకు పెద్ద, వాసన చూసి లోపలికి వచ్చాడు. ఇప్పుడు పొద్దున పిండి కలిపితే మధ్యాహ్నం దాకా చెయ్యి ఆగదు. చేతి కింద రొట్టె తిరుగుతున్న చప్పుడు వినడానికే కొందరు పొయ్యి దగ్గరకు వచ్చి నిలబడతారు. ఇక్కడ నన్ను 'హెప్సిబక్క' అంటారు. ఊళ్లో జయపాల్ భార్యననీ, జయపాల్ పోయాక ఇంకేదో అనీ పిలిపించుకున్నాను. నా పేరు ఇన్నిసార్లు విని ఎన్నాళ్లయిందో.

మొన్న ఆదివారం నన్ను పడవ ఎక్కించారు. రేవు నోటి దాకా తీసుకెళ్లి తిప్పుకొచ్చారు. వెనక్కి చూస్తే ఊరంతా ముఖం ఇటు తిప్పి ఉంది. అన్ని తలుపులూ, అన్ని రంగులూ. నేల మీద నిలబడితే కనబడని ఊరు అది. నీళ్లు ఎగిరి ముఖం మీద పడ్డాయి. ఆయన ఇది రోజూ చూశాడు కదా అనుకున్నాను, ఆ తర్వాత చాలాసేపు ఆయన సంగతే మరిచిపోయాను. అది చెప్పకుండా ఉండలేను అత్తమ్మా. ఆయనకోసం వచ్చినదాన్ని, ఆయన్నే మరిచిపోయి కూర్చున్నాను. దిగాక గుట్ట మీదికి వెళ్లడానికి మొహం చెల్లలేదు.

వారంలో వస్తాను. ఆపరేషన్ తేదీ దాటిపోకుండా చూడు, అవసరమైతే వసంతను తోడు తీసుకుపో.

నీ కోడలు,
హెప్సిబా

*

పెద్దమందడి,
ఫిబ్రవరి 2

బిడ్డా హెప్సిబా,

నువ్వు బాగున్నావని సంతోషం. గుమాస్తా మనసు దేవుడు కరిగించాలని ఆదివారం చర్చిలో అందరితో ప్రార్థన చేయించాను.

ఆపరేషన్ కాలేదు. దవాఖానలో ఇంటి మనిషే ఉండాలన్నారు. వసంత పక్కింటి మనిషి కాబట్టి ఒప్పుకోలేదు. కోడలు ఊరెళ్లింది, వచ్చాక వస్తానని చెప్పి తిరిగి వచ్చాను. ఎడమకన్ను ఎట్లాగూ కానరాదు, ఇప్పుడు కుడికన్ను కూడా మసకే. ఈ అక్షరాలు గీత తప్పితే ఏమనుకోకు. మొన్న పొయ్యి మీది గిన్నె అనుకొని నిప్పుకట్టె పట్టుకున్నాను. బొబ్బ చిన్నదే.

నువ్వు తొందరపడకు. నీ పని చూసుకొని రా. నేను కూర్చునే ఉంటాను.

నీ అత్త,
ఏసమ్మ

*

హళెబందరు,
ఫిబ్రవరి 9

అత్తమ్మా,

రేపు బయల్దేరుతున్నాను. ఈ ఉత్తరం కన్నా ముందు నేనే వస్తానేమో. అయినా రాస్తున్నాను. నీ ఎదురుగా నిలబడితే ఈ మాట నా నోట రాదు. ఉత్తరం నాకంటే వెనక వస్తే నువ్వు చదువు, నేను మేకల దగ్గరికి పోయి నిలబడతాను.

గుమాస్తా మనసు కరగాల్సిన పని లేదు. ఆయన కాగితం నేను వచ్చిన రెండోరోజే అయిపోయింది. ఆ గుమాస్తా నన్ను చూసి లేచి నిలబడ్డాడు, టీ తెప్పించాడు, సంతకం ఎక్కడ పెట్టాలో వేలితో చూపించాడు. అంత మంచి మనిషి మీద నేరం మోపాను. నువ్వు చర్చిలో అందరిచేత అతనికోసం ప్రార్థన చేయించావు. ఆ మాట చదివినప్పటి నుంచి అన్నం దిగడం లేదు.

ఇక్కడ ఉండాలనిపించింది అత్తమ్మా. అంతే. వేరే కారణం ఏదైనా ఉంటే బాగుండేది. జ్వరమో, బస్సుల బందో. ఏమీ లేదు. పొద్దున లేస్తే పిండి కలపాలనిపించింది. మన ఊళ్లో నేను బావి దగ్గరికి వెళితే మాటలు ఆగిపోతాయి, నేను వచ్చేశాక మళ్లీ మొదలవుతాయి. ఇక్కడ నేను వస్తే మాటలు ఆగవు. ఆ రుచి మరిగాను. ఇంకొక్క వారం, ఇంకొక్క వారం అనుకున్నాను. ఆ వారాల్లో నువ్వు చూపు లేక నిప్పు పట్టుకున్నావు.

మొన్న రుక్కమ్మ నీ ఉత్తరం విని పొయ్యి ముందే అన్నది: "అత్తకు అబద్ధం రాస్తున్నవ్ పిల్లా. ఉంటే ఉంటనని రాయి, పోతే పో. నడుమ నిలవడకు."

నడుమ నిలబడడం లేదు. వచ్చేస్తున్నాను. ఆపరేషన్ చేయిద్దాం. నీ చూపుకు ఏదైనా అయి ఉంటే దానికి కారణం నేనే. నన్ను ఏమన్నా పడతాను, ఏమీ అనకుండా మాత్రం ఉండకు.

హెప్సిబా

*

హళెబందరు,
ఏప్రిల్ 14

ప్రియమైన అత్తమ్మకు,

హెప్సిబా వందనాలు. నువ్వు బలవంతంగా పంపావు కాబట్టి వచ్చాను. సంవత్సరం ప్రార్థన నిన్న బాగా జరిగింది. పాదిరిగారు కన్నడంలో చేశారు, చివర్లో నేను తెలుగులో ఒక మాట చెప్పుకున్నాను. నీ పేరున పూలు పెట్టాను.

ఈసారి మెస్‌లో దిగలేదు, చర్చి గదిలో ఉంటున్నాను. రుక్కమ్మ వచ్చి పిలిచింది. ఖలాసీలు అడుగుతున్నారని, చేత్తో కాకపోయినా కంటితోనైనా ఒకసారి పొయ్యి చూసి పొమ్మని అన్నది. వెళ్లలేదు. పడవ ఎక్కుతావా అని ఆ తండేలు అడిగాడు. తల నొప్పిగా ఉందని చెప్పాను. గుట్ట మీద కూర్చుంటున్నాను, గదికి వస్తున్నాను. నువ్వు నమ్ముతావో లేదో, కిటికీ కూడా తీయలేదు.

ఆపరేషన్ అయిన కంట్లో చుక్కల మందు మానవద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది, గుర్తుంది కదా. వంగి నీళ్లు తోడకు. ఈ శనివారం కాక వచ్చే శనివారం, ఇరవై ఐదున, బస్సు ఎక్కుతాను. ముందే రావాలనుంది కానీ టికెట్ అదే దొరికింది. ఈసారి ఒక్కరోజు కూడా దాటదు. మాట ఇస్తున్నాను.

నీ కోడలు,
హెప్సిబా

*

పెద్దమందడి,
ఏప్రిల్ 19

బిడ్డా హెప్సిబా,

ఇది ఎండలో కూర్చొని రాయడం లేదు. ఇంట్లో, గడప లోపల కూర్చొని రాస్తున్నాను. గీతలు ఎంత తిన్నగా ఉన్నాయో చూడు. వసంత వచ్చి చూసి ఆశ్చర్యపోయింది. శుక్రవారం ఒక్కదాన్నే వనపర్తి వెళ్లి వచ్చాను. బస్సు మీది పేరు నేనే చదివి ఎక్కాను.

నువ్వు కిటికీ కూడా తీయలేదని రాశావు. అది చదివినంక నాకు కూర్చోబుద్ధి కాలేదు. నీకు చెప్పవలసిన మాట ఒకటి ఉంది. నువ్వు ఇంట్లో ఉన్న రెండు నెలలు దాన్ని నాలుక కింద పెట్టుకొని తిరిగాను. నిన్ను సంవత్సరం ప్రార్థన పేరు చెప్పి పంపింది కూడా ఇందుకే. ఎదురుగా చెప్పే ధైర్యం నీకు లేదని రాశావే, నాకూ లేదు.

నువ్వు గుమాస్తా సంగతి రాసినప్పుడే వసంత ఆ ఆఫీసుకు ఫోన్ చేసింది. జయపాల్ ఇచ్చిన నంబరు ఆమె దగ్గర ఉండె. చేసి వచ్చి నా చెవిలో గట్టిగా చెప్పింది: "అత్తా, కాయితం ఎన్నడో అయిపోయిందంట. వాళ్లు ఆపలే." అంటే నువ్వు అబద్ధం రాశావని నాకు అప్పుడే తెలుసు. తెలిసే చర్చిలో ప్రార్థన చేయించానని నీకు రాశాను. చేయించలేదు బిడ్డా. నీ గుండెలో గుచ్చుకోవాలని రాశాను.

ఆపరేషన్ కూడా అంతే. ఇంటి మనిషే ఉండాలని దవాఖానలో ఎవరూ అనలేదు. నర్సు మంచిగా చెప్పింది, "అవ్వా, ఎవరన్న ఒకరు తోడుంటే సాలు, ఆలస్యం చెయ్యకు." వసంత అప్పటికే నా సంచి సర్దింది. నేనే మంచం మీద కూర్చొని లేవలేదు. కోడలు వస్తేనే అని మొండికేశాను. బొబ్బ నిజమే, కానీ అది పాత బొబ్బ. దాన్ని తెచ్చి ఉత్తరంలో పెట్టాను.

నా కన్నును తాడు చేసి నిన్ను లాగాను. నువ్వు వచ్చావు. వచ్చి నా కాళ్ల దగ్గర కూర్చొని నెల రోజులు నీ తప్పే అని ఏడ్చావు. నేను నీ తల నిమిరాను. క్షమించినట్టు నిమిరాను. అది తలుచుకుంటే ఇప్పుడు నా చెయ్యి నాకే వద్దనిపిస్తుంది.

ఎందుకు చేశానంటే, నాకు ముద్ద పెట్టే మనిషి లేదని కాదు. నువ్వు కూడా వెళ్లిపోతే జయపాల్ నిజంగా పోయినట్టే అని భయం. నువ్వు ఇంట్లో ఉన్నంతకాలం వాడు సెలవుకు వస్తాడన్నట్టు ఉండేది. ఆ భయంతో నిన్ను వాడి బదులు నిలబెట్టుకున్నాను.

కంటి కట్టు విప్పిన రోజు గుర్తుందా? ఏం కనబడుతోంది అత్తమ్మా అని నువ్వు అడిగావు. గోడ కనబడుతోంది అన్నాను. గోడ కాదు. నీ ముఖమే. మూడేళ్లుగా నిన్ను నేను సరిగ్గా చూడనే లేదు, మసకలో ఒక చీర కదిలేది, అంతే. నా మనసులో నువ్వు నా అంత ముసలిదానివి అయిపోయావు. కళ్లు తెరిస్తే ఎదురుగా పడుచు పిల్ల. ఒక్క వెంట్రుక నెరవలేదు. ముప్పై కూడా దాటినట్టు లేవు. భయపడి గోడ అన్నాను.

నేను అక్కడికి వచ్చి ఉండను. నా ఇల్లు, మేకలు, చర్చి ఇక్కడే. మే నెలలో ఒకసారి వసంతను తీసుకొని వస్తాను, నా కొడుకు పక్కన కూర్చుంటాను, నువ్వు చేసే పని కళ్లారా చూస్తాను, తిరిగి వచ్చేస్తాను. రుక్కమ్మకు కూడా వేరే ఉత్తరం రాశాను, నిన్ను చర్చి గది నుంచి మెస్‌కు తీసుకుపొమ్మని. ఆమె రాకముందే నువ్వు పోతే ఇంకా మంచిది.

మిగిలింది పుస్తకం మాటల్లో రాయడం నాకు చేతకాదు. నోటితో చెప్పినట్టే రాస్తున్నాను, నా గొంతుతోనే చదువుకో.

శనివారం బస్సు ఎక్కకు బిడ్డా. నా మీద కోపమొస్తే కోపం చెయ్యి, నాకు రావాల్సిందే అది. నా కండ్లు మంచిగున్నయ్, నేను వండుకుంట, తింట. నువ్వు రాకుంటే నాకు బాధయితది. కానియ్యి. అది నీ తప్పు కాదు.

ఏసమ్మ